ముక్కు వీరన్న, పొగ సీసా

విశాఖపట్నం జాలారిపేటకెళ్లి వీరన్న ఇల్లెక్కడని అడిగితే నలుగురు వీరన్నల ఇళ్లు చూపిస్తారు. ముక్కు వీరన్న అని అడగాలి. అప్పుడు వీధి కుక్క కూడా ముందు నడిచి గుమ్మం దాకా దిగబెడుతుంది. చూడ్డానికి ఆ ముక్కు ఏమంత గొప్పది కాదు, చప్పిడి ముక్కే. కానీ ముప్ఫై ఏళ్లుగా ఈ చుట్టుపక్కల ఎవరు రిటైరైనా, ఎవరింట్లో నిశ్చయ తాంబూలాలైనా, వచ్చిన విస్కీ సీసా అసలుదో నకిలీదో తేలాలంటే ముందుగా ఆ ముక్కు కిందికి రావాల్సిందే.

ఆ విద్య అతనికి బళ్లో రాలేదు. రెండో తరగతిలోనే పలక సముద్రంలో పారేసి వచ్చినవాడు. ఓడరేవు బయట లంగరేసుకుని నిలబడే ఓడలుంటాయి కదా, వాటి దగ్గరికి మనుషుల్ని చేరవేసే లాంచీ నడిపేవాడు. కెరటం పొంగుతుంటే తాడు నిచ్చెన మీంచి లాంచీలోకి దిగడం అంటే పెద్ద పెద్ద ఇంజనీర్లకే కాళ్లు వణుకుతాయి. వీరన్న కింద నిలబడి, కెరటం పైకి లేచే క్షణం చూసి, "ఇప్పుడు ఒగ్గేయ్ బాబూ" అనేవాడు. తెలుగు రాని దొర కూడా ఆ మాటకి తాడు వదిలేసేవాడు. అలా ప్రాణాలతో దిగినవాళ్లు ఊరికే పోతారా. సంచిలోంచి ఒక సీసా తీసి చేతిలో పెట్టేవారు. జపాను వాళ్లు జపానుది, ఐర్లండు వాళ్లు ఐర్లండుది.

వీరన్న తాగుబోతు కాడు. సీసాకి ఒక్క మూతెడు, మిగతాదంతా పేటలో వాళ్లకే. దానికీ ఒక పద్ధతి. అరచేతిలో నాలుగు చుక్కలు వేసుకునేవాడు. ఉంగరపు వేలితో ఒక చుక్క గంగమ్మతల్లికని సముద్రం వైపు చిమ్మేవాడు. రెండు చేతులూ గట్టిగా రుద్దుకుని, దోసిట్లో మొహం దాచుకుని, ఏడుస్తున్నాడా అనిపించేంతసేపు ఉండిపోయేవాడు. తర్వాత తల ఎత్తి ఒక్క మాట చెప్పేవాడు.

అమెరికా వాళ్ల మొక్కజొన్న విస్కీకి, "కొత్త సెక్కపెట్టిలో బెల్లం దాసినట్టుంది."

ఐర్లండుదానికి, "సంటిపిల్లలున్న ఇల్లు. పాలు కాగతన్నాయి."

జపానుదైతే ఉతికి, గంజి పెట్టి, మడత పెట్టిన చీర అనేవాడు. మన దేశంలో చేసే మాల్టు విస్కీకి అతను చెప్పిన మాట ఇప్పటికీ పేటలో వాడుకలో ఉంది: "ఎండకి బేగి ముదిరిపోయిన గుంటడు. నోట్లో ఎట్టగానే వరస కలిపేత్తాడు."

ఇంకో నియమం కూడా ఉండేది. దొంగ సరుకని తేలితే ఎవర్నీ అడిగేవాడు కాదు, అక్కడికక్కడే సీసా బోర్లించేసేవాడు. అతని పినతండ్రి కొడుకు రాము కల్తీ మందు తాగి ఇరవై ఆరేళ్లకే చూపు పోగొట్టుకున్నాడు. అప్పటినుంచీ అంతే. ఆ సంగతి తెలిసినవాళ్లే సీసా అతని చేతికిచ్చేవారు. పారబోసినా కిక్కురుమనేవారు కాదు.

ఇక అతని భార్య గంగాలమ్మ. వన్ టౌన్ సందులో ఒక అరుగు మీద ఎండుచేపల బేరం. ఆవిడకి మందన్నా, మందు సీసా అన్నా, సీసా మూతన్నా పరమ రోత. "బంగారం లాంటి ముక్కు దేవుడిత్తే, తీసుకెల్లి కంపులో ఎట్టినావు" అని ముప్ఫై ఏళ్లుగా దెప్పుతూనే ఉంది. ఆవిడ ముక్కు సంగతి మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. నెత్తళ్ల గంపలో గుప్పెడు తీసి వాసన చూసి, ఇవి ఇసకలో ఎండినవా, వల మీద ఎండినవా, భీమిలివా, పూడిమడకవా చెప్పేస్తుంది. ఎండుచేపలమ్మే మనిషికి ఆ మాత్రం తెలియకపోతే ఎలా అని లోకం అనుకుంది. ఆవిడా అలాగే అనుకుంది.

ఇంతలో కరోనా వచ్చింది. రెండో విడతలో వీరన్నకి పది రోజులు జ్వరం కాసి తగ్గింది. ముక్కు మాత్రం వెళ్లిపోయింది. జలుబులెమ్మని నెల చూశాడు, మూడు నెలలు చూశాడు. ఎవరికీ చెప్పలేదు, గంగాలమ్మకి కూడా. కానీ ఇంట్లో ఎన్నాళ్లు దాగుతుంది.

ఒక మధ్యాహ్నం అతను వంటగట్టు మీద గిన్నెలోంచి రొయ్యల ఇగురు వేసుకుని తింటున్నాడు.

"ఎలగుంది కూర?" అంది గంగాలమ్మ.

"బాగుందే. ఉప్పు సరిపోయింది."

"మొన్నటిదది. పిల్లికేద్దామని పక్కనెట్టేను. పిల్లి కూడా వాసన సూసి ఎల్లిపోయింది."

వీరన్న చెయ్యి ఆగిపోయింది. ఆవిడ కంచం తీసేసి, వేడన్నం వడ్డించి, పచ్చడి వేసింది.

తర్వాతి వారమే పెందుర్తి నుంచి ఒకాయన రిటైర్మెంట్ విందుకని సీసా పట్టుకొచ్చాడు. వీరన్న పాపం చేతులు రుద్దుకున్నాడు, మొహం దాచుకున్నాడు, లోపల ఏమీ లేదు. గోడకి మొహం ఆనించినట్టే ఉంది. ఆ సమయానికి గంగాలమ్మ గంప నెత్తినెట్టుకుని వెనకనుంచి పోతూ, "ఓలమ్మ, పడవకేసే వార్నీసు ఇంట్లో ఎవడు తెరిసేడు" అంది. వీరన్న తల ఎత్తి, "దొంగ సరుకు" అని, సీసా తీసుకెళ్లి కాలవలో బోర్లించాడు. ఆ పెందుర్తి ఆయన దండం పెట్టి వెళ్లాడు.

అలా మొదలైంది మొగుడూ పెళ్లాల ఉమ్మడి వ్యవహారం.

లాంచీ రోజుల నుంచీ వీరన్న ప్రతి సీసాలోనూ అడుగున ఒక గుక్కెడు మిగిల్చి, దగ్గు మందు సీసాల్లో పోసి అటక మీద దాచాడు. అవన్నీ దించి ఒక్కొక్కటే గంగాలమ్మ ముక్కు కింద పెట్టాడు. ఆవిడ మొహం చిట్లించుకుంటూనే నేర్చుకుంది. దేశాల పేర్లు ఆవిడకి నోరు తిరగవు కాబట్టి చేపల పేర్లు పెట్టుకుంది. స్కాట్లండు లోయల్లోంచి వచ్చే ఖరీదైన రకం వంజరం. అమెరికాది ఎండు రొయ్య, ఐర్లండుది నెత్తళ్లు, జపానుది చందువ, మనదేశంది సావడాయి. చెడ్డదైతే తడిసిన సరుకు. ఒక్క రకం మాత్రం మిగిలిపోయింది. స్కాట్లండు పడమటి దీవుల్లో పొగ వాసనతో చేస్తారే, అది. ఆ దగ్గు మందు సీసాని ఎప్పుడో పిల్లి తోసేస్తే పగిలింది. "అది ఇసాపట్నం ఎవుడు తెత్తాడులే" అని వీరన్న వదిలేశాడు.

గోపాలపట్నంలో గుణశేఖర్ అని ఒక ఓడ ఇంజనీరున్నాడు. పద్దెనిమిదేళ్ల వయసులో మొదటిసారి ఓడెక్కడానికి వీరన్న లాంచీలో వెళ్తూ దారంతా వాంతులు చేసుకున్నవాడు. అప్పటినుంచీ వీరన్నని మావా అంటాడు. ఆర్నెల్లకోసారి సెలవు మీద వచ్చినప్పుడు, రకరకాల దేశాల సీసాలు తెచ్చి, ఆదివారం పూట డాబా మీద స్నేహితుల్ని కూర్చోబెట్టి, సీసాలకి కాగితాలు చుట్టేసి, వీరన్నతో పేర్లు చెప్పించడం అతనికి సరదా. కరోనా గోలలో అది నాలుగేళ్లు ఆగి, మొన్న జనవరిలో మళ్లీ పిలుపొచ్చింది.

"ఈసారి ఊరికే కాదు మావా" అన్నాడు ఫోనులో. "బీచ్ రోడ్డు హోటల్లో బార్ మేనేజరు, ఉమామహేష్ అని, వత్తన్నాడు. శనివారం శనివారం అక్కడ విస్కీ రుసులు సూపిత్తారు. ఇప్పుడున్నాయన వనిల్లా అంటాడు, హెదర్ పువ్వంటాడు. ఆ పువ్వు ఇక్కడెవడు సూసేడు? తెలుగులో సెప్పీవోడు కావాలట. నాను నీ పేరు సెప్పేను."

లాంచీ మానేసి మూడేళ్లు. పొద్దస్తమానూ గట్టు మీద కూర్చుని వచ్చే పోయే ఓడలు లెక్కపెట్టుకోవడం తప్ప వీరన్నకి పని లేదు. ఆ మాట వినగానే పెట్టెలోంచి లాంచీ రోజుల తెల్ల చొక్కా తీసి ఇస్త్రీకి ఇచ్చాడు. గుండీలు గంగాలమ్మ కుట్టింది.

"మాటల్లో దొరికిపోతావేమో" అంది దారం తెంపుతూ.

"ఆరు గ్లాసులే కదే. నువ్వు సేపల గురించి మాటాడు, నాను మందు గురించి మాటాడతాను. ఎవుడికి తెలుత్తాది?"

ఆదివారం పదకొండు గంటలకి సింహాచలం కొండ కనబడే ఆ డాబా మీద షామియానా గుడ్డ కింద అందరూ చేరారు. గుణశేఖర్, అతని భార్య హిమబిందు, హోటలు నుంచి వచ్చిన ఉమామహేష్. ఇంకా తిరుమలరావు, స్టీల్‌ప్లాంటులో ఫోర్‌మన్. ఏ విస్కీకైనా ఇంటర్నెట్లో వాళ్లేం రాశారో ఫోనులో చదివి వినిపించందే చుక్క ముట్టడు. వీరన్న అంటే అతనికి మొదటినుంచీ కొంచెం అనుమానం, కొంచెం ఉక్రోషం.

గ్లాసుల పళ్లెం గంగాలమ్మ ఒళ్లో పెట్టుకుంది. "ఆయన సెయ్యి వణుకుతాది బాబూ, నానందిత్తాను" అంది. మొదటి గ్లాసు తన ముక్కు ముందునుంచి అతని చేతికి వెళ్లింది.

"రొయ్యలు ఎండేసొచ్చేను. కాకులెత్తుకుపోతన్నాయో ఏటో" అంది.

వీరన్న చేతులు రుద్దుకున్నాడు. దోసిట్లో మొహం దాచుకుని తీరిగ్గా ఉన్నాడు. "అమెరికా. కొత్త సెక్కపెట్టిలో బెల్లం" అన్నాడు. గుణశేఖర్ కాగితం విప్పాడు. అమెరికాదే.

రెండో గ్లాసుకి గంగాలమ్మకి నెత్తళ్ల ధర గుర్తొచ్చింది. ఐర్లండు. మూడో దానికి చందువలు ఈ ఏడు సరిగా పడలేదని వాపోయింది. జపాను. ఉమామహేష్ చిన్న పుస్తకం తీసి, మడత పెట్టిన చీర అన్న మాట రాసుకున్నాడు. నాలుగోది వంజరం. "గదిలో సీతాపలాలు ముగ్గేసేరు. తలుపు తీసేవో, మీదడిపోతాది" అన్నాడు వీరన్న.

తిరుమలరావు ఫోను చూసి గతుక్కుమన్నాడు. పండిన పండ్ల వాసన అని ఇంగ్లీషులో అక్కడా ఉంది. కోపం ఎటు పోవాలో తోచక గంగాలమ్మ మీదికి మళ్లింది. "అత్తా, ఆదివారం పూట కూడా ఈ సేపల గోలేటి?"

"నీకు ఇనుమెలగో నాకు సేప అలగ, బాబూ. నువ్వు కలలో కూడా కొలిమే కదా సూత్తావు."

అందరూ నవ్వారు. ఐదోది సావడాయి, మనదేశంది, అదీ తప్పలేదు. ఉమామహేష్ పుస్తకం మూసి, "శనివారం నుంచి రాగలరా?" అనేశాడు. వీరన్న తెల్ల చొక్కాలో ఒక అంగుళం పెరిగాడు.

"ఉండండి, ఆరోది ఉంది. అది మావకోసమే తెచ్చేను" అన్నాడు గుణశేఖర్.

ఆరో గ్లాసు గంగాలమ్మ ముక్కు దగ్గరికొచ్చి ఆగిపోయింది.

ఇక్కడొక సంగతి చెప్పాలి. వానాకాలంలో ఆరేసిన చేపల మీద హఠాత్తుగా జల్లు పడితే, సరుకు తడిసిపోతుంది. మంచివాళ్లు పారేస్తారు. మోసగాళ్లు పొయ్యి మీద దండెం కట్టి పొగకి ఆరబెట్టి, ఎండు సరుకులో కలిపి అంటగడతారు. రెండు రోజుల తర్వాత పురుగు పడుతుంది. అందుకే ఎండుచేపల బేరంలో పొగ వాసన అంటే ఒకటే అర్థం. నలభై ఏళ్లలో గంగాలమ్మ అలాంటి గంపలు ఎన్ని తిప్పికొట్టిందో. ఇప్పుడు ఈ గ్లాసులో పొగ, దాని అడుగున ఉప్పు, ఆసుపత్రి దూది, తారు.

"తడిసిన సరుకు" అంది. గొంతులో నిజమైన అసహ్యం. "పొయ్యి మీద ఆరబెట్టేరు దొంగనాయాళ్లు."

వీరన్నకి రాము కళ్లు గుర్తొచ్చాయి. చేతులు రుద్దుకోవడం కూడా మరిచిపోయాడు. కాగితం చుట్టిన సీసా అందుకుని, "దొంగ సరుకు. ఎవుడూ ముట్టుకోకండి" అని, పిట్టగోడ పక్కనున్న కరివేపాకు కుండీలో బోర్లించేశాడు.

"మావా, మావా" అంటూ గుణశేఖర్ వచ్చి చెయ్యి పట్టుకునేసరికి సగం సీసా మట్టిలో ఇంకిపోయింది. తడిసిన కాగితం ఊడి కింద పడింది. లోపలి చీటీ మీద వంకర తెలుగు అక్షరాలున్నాయి: వీరన్న మావకి.

గుణశేఖర్ గట్టిగా మాట్లాడలేదు. అదే ఇబ్బందైంది. "ఆ దీవికెల్లేను మావా. సెలవెట్టి, పడవెక్కి, బస్సెక్కి. అక్కడ పీపాకి కుళాయుంటాది. నా సేత్తోనే నింపేను, నానే సీటీ రాసేను. లాంచీలో నువ్వే సెప్పేవు కదా, పొగ వాసనేసే మందుంటాది, అది దొరికిన్నాడు నన్ను తలుసుకో అని."

కింద వంటింట్లో కుక్కర్ రెండు విజిళ్లు వేసింది.

"జలుబు సేసిందేటి మావా?" అన్నాడు మళ్లీ గుణశేఖరే, దారి చూపిస్తున్నట్టు.

ఔనంటే అయిపోయేది. పేరు పేరులా ఉండేది, శనివారం శనివారంలా ఉండేది. వీరన్న నోరు తెరిచాడు కూడా. ఈలోగా తిరుమలరావు అందుకున్నాడు.

"జలుబేటి, ఈవిడే. పక్కన కూకుని కుళ్లు సేపలు, తడిసిన సేపలు అని వాగి వాగి ఆయన బుర్ర సెడగొట్టింది. మందు వాసనేటో తెలీని మనిసిని ఎందుకు తెత్తారు ఇలాంటి కాడికి?"

గంగాలమ్మ తల దించుకుంది. ముప్ఫై ఎనిమిదేళ్ల కాపురంలో ఆవిడ తల దించుకోవడం వీరన్న చూడలేదు.

"ఆవిణ్ని అనకు, తిరుమలరావూ" అన్నాడు. "ఐదూ సెప్పింది ఆవిడే. నా ముక్కు కరోనాలో పోయింది. ముక్కు ఆవిడిది, నోరొక్కటే నాది."

చెప్పి, తెల్ల చొక్కా పై గుండీ విప్పుకుని కూర్చున్నాడు. హిమబిందు గబగబా వెళ్లి మంచినీళ్లు తెచ్చింది. తిరుమలరావు ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఇప్పుడు రొయ్యలు, నెత్తళ్లు, చందువలు అన్నీ ఒక్కొక్కటే అందరి బుర్రల్లోకీ ఎక్కుతున్నాయి.

ఉమామహేష్ కుర్చీ గంగాలమ్మ వైపు లాక్కున్నాడు. "అమ్మా, ఆరోది ఎందుకు చెడిందన్నారు?"

"పొగెట్టేరు కాబట్టి."

"ఆ దీవిలో అలాగే చేస్తారమ్మా. కావాలనే."

గంగాలమ్మ తల ఎత్తింది. "కావాలనా? బాగున్న సరుక్కి ఎవుడైనా పొగెడతాడా? నలబై ఏళ్లు బేరం సేసేను, నాకు సెప్పకు."

గుణశేఖర్ పక్కన కూర్చుని నచ్చజెప్పాడు. "అది కాదత్తా. ఇస్కీ బార్లీ గింజతో సేత్తారు. ముందు గింజల్ని నీల్లలో నానెడతారు, మొలకొచ్చీదాకా. తర్వాత ఆరబెట్టాల కదా. ఆ దీవిలో నిత్యం వానే, ఎండుండదు. బురద నేల్లోంచి నల్లమట్టి పెల్లలు తవ్వి, అయి బొగ్గులా మండుతాయి, పొయ్యిలో ఎట్టి, ఆ పొగ మీద ఆరబెడతారు."

గంగాలమ్మ అతని మొహం కేసి చూసింది. ఉమామహేష్ మొహం కేసి చూసింది.

"అంటే గింజలు తడిపేరు" అంది.

"ఆ."

"ఎండ లేదు."

"లేదు."

"పొయ్యి మీద పొగెట్టి ఆరబెట్టేరు."

"అంతే."

"మరి నానేటి సెప్పేను?"

ముందు హిమబిందు నవ్వింది. తర్వాత గుణశేఖర్. ఉమామహేష్ నవ్వుతూనే పుస్తకం తెరిచి రాసుకోవడం మొదలుపెట్టాడు. ఆఖరికి తిరుమలరావు కూడా జేబులోంచి ఫోను తీసి, ఆ దీవి గురించి వెతికి, "మట్టి పొగ అనే ఉంది. నిజమే" అని ఒప్పుకున్నాడు.

"నిజం కాకపోతే నానెందుకు సెప్తాను" అంది గంగాలమ్మ. "కానీ బాబూ, సెడిపోకుండా ఎలగ సేసేరో, ఆ కిటుకు నాకు కావాల."

హోటలుకి మాత్రం ఆవిడ రానంది. శనివారం బేరం ఎవరు చూస్తారని. కావాలంటే మీరే రండి అంది. అందుకని ఇప్పుడు ప్రతి గురువారం పొద్దున్న ఉమామహేష్ చిన్న చిన్న సీసాల్లో నమూనాలు పట్టుకుని వన్ టౌన్ సందులోకి వస్తాడు. చేపల గంపల మధ్య స్టూలు మీద కూర్చుంటాడు. గంగాలమ్మ గిరాకీకీ గిరాకీకీ మధ్య ఒక సీసా మూత తీసి చూసి, చేప పేరు చెబుతుంది. పక్కన వీరన్న దాన్ని సీతాఫలాలుగా, గంజి చీరగా, సంటిపిల్లలున్న ఇల్లుగా మారుస్తాడు. శనివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లి ఆ మాటలే హోటల్లో చెబుతాడు. ముక్కు ఎవరిదో కూడా ముందే చెప్పేస్తాడు. వినేవాళ్లకి అదే బాగా నచ్చుతోందట. పొగ రకానికి మాత్రం అతను మాట మార్చలేదు. హోటలు కార్డు మీద అచ్చులో ఉంది: "వానకి తడిసి, పొయ్యి మీద ఆరిన సరుకు. తెలిసినవాళ్లు కొంటారు."

మిగిలిన సగం సీసా ఇంట్లో ఉంది. ఆదివారం పూట వీరన్న నాలుగు చుక్కలు అరచేతిలో వేసుకుంటాడు. గంగమ్మకి ఒక చుక్క చిమ్ముతాడు. చేతులు రుద్దుకుని, తన మొహానికి బదులు గంగాలమ్మ మొహం ముందు దోసిలి పడతాడు.

"ఎలగుందే?"

"అలగే ఉంది. పొగ. అడుగున ఉప్పు. ఈవేల కొంచెం తేనుంది."

అప్పుడు మూతెడు తాగుతాడు.

మొన్న గురువారం నెత్తళ్లు కొనడానికొచ్చిన ఒకావిడ, గంగాలమ్మ ముక్కు దగ్గర సీసా చూసి బుగ్గలు నొక్కుకుంది.

"ఏటి గంగాలప్పా, అది మందేనా?"

"మందే."

"తాగుతావేటి?"

"సీ. కంపు" అంది గంగాలమ్మ. మూత బిగించి, తక్కెడ అందుకుంది.